వినేవాళ్ళ వాటా

వాల్వు వెలిగి చాలాసేపయింది. ఆపాటికి దాని దగ్గరగా చెయ్యి పెడితే చురుక్కుమనాలి. చారి రెండు వేళ్ళు భయంభయంగా గాజుకి ఆనించి, చటుక్కున తీసి, మళ్ళీ ఆనించాడు. ఈసారి తియ్యలేదు.

“రత్నం, ఒకసారి ఇలా రా. దీన్ని ముట్టుకుని చూడు.”

“నాకేం పిచ్చా? పోయినసారి మీ వాల్వు ముట్టుకుని అరచెయ్యి బొబ్బలెక్కించుకున్నది నేనేగా,” అంటూనే వచ్చింది నూకరత్నం. ముట్టుకుంది. గాజు చల్లగా ఉంది, బావిలోంచి అప్పుడే తోడిన నీళ్ళ చెంబులాగా.

బల్ల మీదున్న స్పీకరులోంచి బందరు హుస్సేన్ గారి గొంతు వినిపించింది. ఆయన మచిలీపట్నంలో తన ఇంట్లో కూర్చుని వీళ్ళ పరీక్షకి అవతలి చెవిగా ఉన్నారు. “చారి గారూ, ఏం చేశారండీ బాబూ! పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. మన లెక్కలో పెద్ద మార్కు ఫైవ్ నైన్, ఇది దానిమీద ఇంకెంతో. నా సూది చివరికంటా కొట్టుకుంటోంది. ఒక్క నిమిషం, ఫ్యాను కట్టేసి వస్తాను. వాన పడేట్టుంది ఇక్కడ.”

భీమిలిలో చారి షెడ్డు సంగతి తెలియనివాళ్ళు లేరు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే విశ్వనాథాచారికి తాతల నాటి కంసాలి చేతులొచ్చాయి కానీ బంగారం మీద మోజు రాలేదు. గాజు ఊదుతాడు, రేకులు కోస్తాడు, రాగి గొట్టాలను చుట్టలు చుడతాడు. ఆదివారం పూట ఆ షెడ్డులోంచి కాలిన వాసన రాకపోతే ఇరుగుపొరుగు ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవారు. రత్నం జాలారిపేట పిల్ల, హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరికీ హామ్ రేడియో లైసెన్సులున్నాయి. ఇంట్లోనే వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడి మనుషులతోనో గాలిలో కబుర్లు చెప్పుకునే పిచ్చి అది. వీళ్ళ ప్రేమ కూడా ఆ గాలిలోనే నడిచింది. అందుచేత కోస్తాలో ఉన్న హాములందరూ దాన్ని మొదటినుంచీ విన్నారు, పెళ్ళికి పిలవకుండానే వచ్చారు.

మామూలు సెట్టు గొంతు చిన్నది. దాన్ని సముద్రాలు దాటించాలంటే యాంప్లిఫయర్ కావాలి. ఈ రోజుల్లో అందరూ అరచేతిలో పట్టే చిప్పులతో పని కానిచ్చేస్తున్నారు. చారి మాత్రం పాతకాలపు వాల్వునే నమ్ముకున్నాడు. వాల్వు పొయ్యిలాంటిది. తీగ ఎర్రగా కాలుతుంది, చుట్టూ రేకు ఎర్రబడుతుంది, పక్కన ఫ్యాను గీపెడుతుంది, లాగిన కరెంటులో సగం ఉత్త వేడికే తగలబడిపోతుంది. ఆ సగాన్ని మిగల్చాలన్నది అతని పంతం. ఎవరో చేసిన వాల్వులతో అది కాదని తానే చెయ్యడం మొదలెట్టాడు. భీమిలి ఒడ్డున దొరికే నల్ల ఇసకలో థోరియం ఉంటుంది. దాంతో తీగకి పూత పూశాడు. పూత కుదరక పగిలిన గాజులు షెడ్డు వెనక గుట్టయ్యాయి. ఆఖరికి ఇదొక్కటి నిలిచింది.

చారి మీటర్లు చూపించాడు. యాంప్లిఫయర్ గోడ ప్లగ్గులోంచి తీసుకుంటున్నది కాస్త. యాంటెనాకి పంపిస్తున్నది బోలెడు.

“అదెలా కుదురుతుంది?” అంది రత్నం. “నేను పిల్లలకి చెప్పే లెక్క ప్రకారం ఇది తప్పు. మిగతాది ఎవరిస్తున్నారు?”

“ఎవరిస్తే ఏం? వస్తోందిగా!” అన్నాడు చారి. ఆ మాట అన్నప్పుడు అతని మొహం అచ్చం పరీక్ష పాసైన కుర్రాడి మొహంలా ఉంది. రత్నానికి ముచ్చటేసింది. ఇంక అడగలేదు.

రోజూ పొద్దున్నే కోస్తా నెట్ జరుగుతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న హాములంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి చేరి హాజరు చెప్పుకుంటారు. దాన్ని నడిపేది రత్నం. బడిలో పిల్లలెంత హడలుతారో, నెట్‌లో పెద్దవాళ్ళూ అంతే. ముఖ్యంగా ఒక నియమం విషయంలో ఆవిడ ఎవరి మాటా వినదు. ఒకప్పుడు తుపాను వేళ ఎవరో పెద్దమనిషి మైకు మీట నొక్కుకుపోయి, ఇంట్లో వంటపాత్రల చప్పుడు గాలిలోకి పోతూ, ఆపదలో ఉన్న పడవ చెప్పిన మాట ఎవరికీ వినపడకుండా పోయింది. ఆ పడవ తిరిగి రాలేదు. అప్పటినుంచీ ‘అత్యవసరం, ఖాళీ చేయండి’ అని రత్నం ఒక్క మాటంటే చాలు. ఎవరూ ఎందుకని అడగకూడదు, వింటూ కూర్చోకూడదు. సెట్టు కట్టేసి లేచిపోవాలి. నెట్ వాళ్ళకి అది ఎంతగా అలవాటైందంటే, ఆ మాట చెవిన పడగానే చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. రత్నానికి అదొక గర్వం.

కొత్త వాల్వుతో ఆ వారమంతా నెట్ పండగలా సాగింది. “రత్నం గారూ, మీ గొంతు రేడియో గదిలోంచి వంటింట్లోకి వస్తోందమ్మా,” అంది కాకినాడ సత్యవతి గారు. ఆవిడ బ్యాంకులో పనిచేసి రిటైరయింది, నోటికి తాళం లేదు. “ఈ మధ్య పొద్దున్నే చలి పెడుతోంది చూశారా? మే నెలలో శాలువా కప్పుకుని కూర్చున్నాను. మా ఆయన నవ్వుతున్నారు.” బాపట్ల నుంచి ఒకాయన, కాఫీ తాగేలోగానే చల్లారిపోతోందన్నాడు. ఒంగోలులో కూడా చలిగానే ఉందిట. అందరూ వాతావరణాన్ని తిట్టుకున్నారు. రత్నం కూడా నవ్వింది.

ఆ వారంలోనే తమ్ముడు ఎల్లాజీ వచ్చాడు. సముద్రం లోపలికి పోయి టూనా పట్టే పెద్ద మరపడవలో పని. అమ్మ పోయాక వాణ్ని పెంచింది రత్నమే. చదువు అంటలేదు గానీ, అక్క చెవి మెలేస్తే భయపడి హామ్ పరీక్ష మాత్రం పాసయ్యాడు. అందుకే పడవలో రేడియో వాడి చేతికొచ్చింది. అక్కను ‘అప్పా’ అని పిలుస్తాడు.

“అప్పా, ఈ వంజరం పులుసు ఎవులొండినారు? బావా? ఉప్పు మరిసిపోనాడు,” అన్నాడు రెండోసారి వడ్డించుకుంటూ.

“ఉప్పు నీకే తక్కువైంది. పడవలో నాలుగు మెతుకులు తింటన్నావో లేదో, ఎలగైపోనావో సూడు. పెల్లెప్పుడు సేసుకుంతావు?”

“నీ నెట్‌లో అమ్మాయిలెవులైనా ఉంటే సూడు. గాల్లోనే పెల్లి సేసీసుకుంతాం, మీలాగ.” తర్వాత గొంతు తగ్గించాడు. “అప్పా, హుస్సేన్ తాత మొన్న నాతో మాటాడినాడు. నడి సంద్రంలో ఉన్నానంటే పాట పాడి ఇనిపించినాడు. ఎంత బాగా పాడినాడనుకున్నావు! ఈసారి బందరు రేవుకెళ్తే తాతని సూసొస్తాను.”

వాడు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాక, ఒక మధ్యాహ్నం చారి కాలేజీ నుంచి తొందరగా వచ్చి యాంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తున్న వేళ. అలాంటప్పుడు గాలిలో ఎవరూ ఉండరు. సెట్లు కట్టేసి కునుకు తీస్తుంటారు. హుస్సేన్ గారు ఒక్కరే, చారి అడిగాడు కదా అని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. చారి రాగిచుట్టలు మార్చాడు, కండెన్సరు తిప్పాడు, మళ్ళీ మళ్ళీ మాట్లాడాడు. “ఇంకొంచెంసేపు, హుస్సేన్ గారూ. ఇంకొక్క మార్పు.” ఆయన సరే సరే అంటూ ఉన్నారు. కాసేపటికి ఆయన మాట ముద్దముద్దగా వచ్చింది. చారి సిగ్నలు పోతోందనుకున్నాడు. ఆయన నిద్రపోయి ఉంటారనుకుని ఆపేశాడు.

మర్నాడు నెట్‌లో రత్నం బందరుని పిలిచింది. పలకలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారీ పలకకపోతే ఇంటికి ఫోను చెయ్యడం పద్ధతి. చేసింది. ఆయన కూతురు మాట్లాడింది.

“నిన్న సాయంత్రం చూశామక్కా. కుర్చీలోనే ఉన్నారు, చెవులకి అవి ఉన్నాయి. డాక్టరు గుండె అన్నారు. కానీ అక్కా, ఒళ్ళు... గది అంతా నిప్పులగుండంలా ఉంటే, నాన్న ఒళ్ళు ఐసు ఫ్యాక్టరీలోంచి తెచ్చినట్టుంది. కనురెప్పల మీద నీళ్ళు పట్టి ఉన్నాయి.”

రత్నం ఫోను పెట్టేసింది. శాలువా. కాఫీ. ఫ్యాను. ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. షెడ్డులోకి వెళ్ళి తన అనుమానం చారికి చెప్పింది. అతను ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత పాత థర్మామీటరు వెతకడం మొదలెట్టాడు.

పరీక్ష పెద్ద కష్టమేం కాలేదు. చారి చిన్న సెట్టు పట్టుకుని గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో కూర్చున్నాడు. ఇంట్లో రత్నం మైకు పట్టుకుంది. ఎవరూ వాడని ఫ్రీక్వెన్సీ ఒకటి చూసుకున్నారు. ముందే అనుకున్న ప్రకారం చారి సెట్టు అక్కడ పెట్టి దూరంగా నడిచి వెళ్ళినప్పుడు, రత్నం ఎంత మాట్లాడినా యాంప్లిఫయర్ సూది కదలలేదు. వాల్వు ఉత్త గాజుబుడ్డిలా ఉండిపోయింది. అతను తిరిగొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే సూది లేచింది. తీసేస్తే పడిపోయింది. పెట్టుకుంటే లేచింది. సెట్టు ఆన్‌లో ఉంటే చాలదు, వినే మనిషుండాలి. రత్నం ఇంక మాట్లాడడం మానేసి మోటారుసైకిలు మీద ఒడ్డుకి పరిగెత్తింది. చారి పెదాలు నీలంగా ఉన్నాయి. ఎండలో కూర్చుని గడగడ వణుకుతున్నాడు.

“వేడి,” అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. “మన వాల్వు వేడెక్కకపోవడం కాదు రత్నం. దానికి కావలసిన వేడి వినేవాళ్ళ దగ్గర్నుంచి లాక్కుంటోంది. మాట మనది. దాన్ని మోసే బలం వాళ్ళది.”

మర్నాడు అతను కాలేజీలో ఆరుగురు విద్యార్థుల్ని స్పీకరు చుట్టూ కూర్చోబెట్టాడు. ఇంట్లో రత్నం మాట్లాడుతుంటే సూది అదే ఎత్తుకి లేచింది. కానీ పిల్లలకి రోమాలు నిక్కబొడుచుకున్నాయంతే. ఎంతమంది వింటే అన్ని వాటాలు. కోస్తా నెట్ అంతా వింటే తలా ఒక శాలువా. ఒక్కడే వింటే ఆ ఒక్కడి ఒంట్లోంచే మొత్తం.

“పిల్లలకి ఎందుకో చెప్పారా?” అని అడిగింది రత్నం.

“పరీక్ష అన్నానంతే,” అన్నాడు చారి.

ఆ సాయంత్రం ఇద్దరూ బాగా పోట్లాడుకున్నారు. దాన్ని పగలగొట్టమంది రత్నం. అలాంటి పూత మళ్ళీ జన్మలో కుదరదన్నాడు చారి. నెట్‌లో అందరికీ నిజం చెప్పేద్దామంది రత్నం. “ఏమని చెబుదాం? హుస్సేన్ గారిని నేను చంపానని చెప్పనా? వాళ్ళు నమ్ముతారా? నమ్మినా, మళ్ళీ మన గొంతు వింటారా?” అన్నాడు. ఆ గొంతులో ఏడుపుంది. రత్నం మెత్తబడింది. వాల్వు తీసేసి దూదిలో చుట్టి అలమరలో పెట్టారు. హుస్సేన్ గారి సంతాపం రోజున కోస్తా నెట్ మౌనం పాటించింది. రత్నం ఆ పేరు చదివే పని సత్యవతి గారికి అప్పజెప్పింది. ఆవిడ అంది, “పాపం, చారి గారికి తండ్రిలాంటివాడు, ఎలా తట్టుకుంటున్నారో.” ఇద్దరూ విన్నారు.

తుపాను ఒడిశా వైపు పోతుందన్నారు. పోలేదు. మధ్యాహ్నానికి భీమిలి ఆకాశం ఇనుప రంగుకి తిరిగింది. బడికి సెలవిచ్చారు. రత్నం సెట్టు ముందు కూర్చునేసరికి గాలిలో ఉరుముల పెళపెళ తప్ప మరేం లేదు. ఆ పెళపెళలోంచి, పీలగా, ఎల్లాజీ గొంతొచ్చింది.

“ఎవులైనా ఇంటన్నారా... ఇంజిన్లోకి నీల్లొచ్చీసినాయి... ఏడుగురం ఉన్నాం... యాంటెనా సగం ఇరిగిపోయింది, మాకేటీ ఇనిపించట్లేదు... ఎటెల్లాలో తెలట్లేదు... ఎవులైనా ఇంటే సెప్పండి...” తానున్న చోటు చెప్పి, మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాడు.

రత్నం పిలిచింది. ఎవరి మాటైనా చేరుతుందేమోనని, ఖాళీ చెయ్యమనకుండా నెట్ మొత్తం చేత పిలిపించింది. కాకినాడ, బాపట్ల, కళింగపట్నం, ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకున్నారు. విరిగిన యాంటెనాతో ఆ ఉరుముల్లో వాడికి ఎవరి మాటా చేరలేదు. ముందు గదిలో చారి రేవు కంట్రోలు రూముకి ఫోను కలిపాడు. దగ్గరలో ఒక సరుకుల ఓడ దారి మళ్ళించి పడవ కోసం వెతుకుతోందిట. కానీ వానలో ఓడకి పడవ కనపడట్లేదు, పడవకి ఓడ కనపడట్లేదు. పడవ ఎటు తిరగాలో ఎవరైనా చెప్పగలిగితే, మిగిలిన కాస్త ఇంజినుతో వాళ్ళు ఓడ దారిలోకి రాగలరు. లేకపోతే చీకటి పడేలోగా రాళ్ళ మీదికి కొట్టుకుపోతారు.

చారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో దూది చుట్ట ఉంది. రత్నం దాన్ని చూసింది, అతన్ని చూసింది.

“నెట్‌లో ఎంతమందున్నారు?” అన్నాడు.

“నలభైమంది దాకా. అందరూ వింటున్నారు.”

“అయితే తలా కాస్త చలి. అంతే రత్నం. అంతకు మించి ఏం కాదు.”

చెప్పి చేద్దామని ఒక్క క్షణం అనిపించింది రత్నానికి. చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో తలుచుకుంది. ఎల్లాజీ గొంతు మళ్ళీ వినిపించింది. “పెట్టండి,” అంది.

చారి షాకు కొట్టకుండా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒంటి చేత్తో వాల్వు దిగేసి, స్విచ్చు వేసి, ముందు గదిలో ఫోను దగ్గరికి పరిగెత్తాడు. రత్నం మైకు అందుకుంది. ఇన్నేళ్ళుగా ఆపదలో ఉన్న పడవతో తానొక్కతే మాట్లాడబోయే ప్రతిసారీ మొదట ఏ మాటంటుందో ఆ మాటే నాలుక మీదికి దానంతటదే వచ్చింది.

“అత్యవసరం. కోస్తా నెట్ అంతా ఖాళీ చేయండి.”

“కాకినాడ, ఖాళీ.” “బాపట్ల, ఖాళీ.” “కళింగపట్నం, ఖాళీ.” బుద్ధిమంతులు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఒక్కొక్క సెట్టూ ఆరిపోయింది. అది ఎంత చక్కగా జరిగిందో గమనించే తీరిక కూడా రత్నానికి లేదు.

“ఎల్లాజీ! ఒరే ఎల్లాజీ! నానురా, అప్పని. ఇనిపిస్తందా?”

“అప్పా!” వాడు ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు. “గంట కొట్టినట్టు ఇనిపిస్తంది అప్పా! హెడ్‌ఫోన్లు ఎట్టుకున్నాను, గాలి హోరుకి ఇంకేటీ ఇనపట్లేదు గానీ నీ మాట ఇనిపిస్తంది. సెప్పు, ఎటెల్లాలి?”

చారి ముందు గదిలోంచి అరుస్తున్నాడు, రత్నం గాలిలోకి చెబుతోంది. ముక్కు ఈశాన్యానికి తిప్పు. ఇంకా తిప్పు. అలకి ఎదురు పెట్టకు, ఏటవాలుగా తీసుకో. వాడు అవతల డ్రైవరుకి అరిచి చెబుతున్నాడు. పడవ తిరుగుతోంది. వాడు చెబుతున్న చోటుని బట్టి ఓడకీ వాళ్ళకీ మధ్య దూరం తగ్గుతోందని ఫోనులో చెప్పారు. రత్నం ఊపిరి పీల్చుకుంది.

“సలేస్తంది అప్పా,” అన్నాడు ఎల్లాజీ.

“తడిసిపోయుంటావు. టార్పాలిన్ కప్పుకో.”

“తడిసినప్పటి సలి కాదు. ఏల్లు... ఏల్లు ముడుసుకోట్లేదు. నాలిక కూడా...”

రత్నం యాంప్లిఫయర్ వైపు చూసింది. గాజు మీద తెల్లగా మంచు పట్టింది. సూది చివరికంటా ఉంది. నలభైమంది వింటుంటే వాడికెందుకంత చలి? “కాకినాడ,” అని పిలిచింది. “సత్యవతి గారూ, వింటున్నారా? బాపట్లా? ఎవరైనా?” ఉరుముల పెళపెళ తప్ప ఏం లేదు. అప్పుడు తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినిపించింది. ఖాళీ చేయండి. చేశారు. తాను నేర్పినట్టే, ఒక్కరు కూడా మిగలకుండా చేశారు.

“ఏవండీ!” అని కేక పెట్టింది. “సెల్లులో అందరికీ ఫోను చెయ్యండి! మళ్ళీ సెట్లు పెట్టమనండి! వాడొక్కడే ఉన్నాడు!”

ఒక చెవికి రేవు వాళ్ళ ఫోను, రెండో చేతిలో సెల్లు. సెల్లు టవర్లు ఊగుతున్న రోజది. కలవడం లేదు, మళ్ళీ కొడుతున్నాడు, కలవడం లేదు.

రత్నం మైకు గట్టిగా పట్టుకుంది. “ఎల్లాజీ, నాను సెప్పింది సెయ్యి. హెడ్‌ఫోన్లు పీకీ. స్పీకరు ఎట్టి గట్టిగా పెంచు. అందర్నీ దగ్గిరికి పిలు. అందరూ ఇనాలి.”

“ఎందుకప్పా?”

చెప్పక తప్పలేదు. పరీక్ష గదిలో పిల్లలకి కూడా చెప్పని మాట, నలభైమందికి చెప్పని మాట, వాడికి చెప్పింది. “ఈ మాట మోసుకొచ్చేది కరెంటు కాదురా. ఇనేవాళ్ళ ఒంట్లో వేడి. నువ్వొక్కడివే ఇంటన్నావు. ఏడుగురూ ఇంటే ఏడు వాటాలవుద్ది.”



“అయితే హుస్సేన్ తాత...”

“అవునురా.”

“తాతకి సెప్పినారా?”

“లేదు. మాకప్పుటికి తెలీదు.”

“మరి నీ నెట్ వాల్లకి? ఆల్లకి తెలుసునా?”

“తెలీదురా,” అంది రత్నం.

“అప్పా,” అన్నాడు ఎల్లాజీ. మాట నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం తోసినట్టు వస్తోంది. “ఇక్కడ అప్పారావు మావ సొమ్మసిల్లి పడున్నాడు. మిగతావాల్లు పొద్దున్నుంచీ నీల్లు తోడి తోడి సగం సచ్చున్నారు. ఈల్ల మీద ఇంత సలి ఏస్తే ఒక్కడు కూడా ఆగడు. ఆల్లకి తెలీకుండా ఆల్ల దగ్గర తీసుకోమంతావా? నానెట్టుకోను స్పీకరు.”

“అయితే నాను మాటాడను.”

“మాటాడకపోతే ఏడుగురం పోతాం. నాను లెక్కల్లో మొద్దునే గానీ అప్పా, ఇది మాత్రం నాకు తెలుస్తంది. సెప్పు. ఎటు తిప్పాల?”

రత్నానికి ఆ క్షణంలో వాడి మీద కోపం వచ్చింది. వాణ్ని పెంచినందుకు తన మీద కోపం వచ్చింది. మైకు విసిరికొట్టాలనిపించింది. ముందు గదిలోంచి చారి ఏడుస్తూ అరుస్తున్నాడు, “ఎడమకి! ఎడమకి రమ్మంటున్నారు! లేకపోతే దాటిపోతారు!”

“ఎడమ,” అంది రత్నం.

అప్పటినుంచీ ఆమె మాటలు పొదుపు చేసింది. మాట్లాడడమంటే ఇష్టపడే మనిషి, జీవితమంతా గాలిలో మాట్లాడిన మనిషి, ఒక్క అక్షరం ఎక్కువ పలకడానికి జంకింది. ఎడమ. ఇంకా. ఆపు. నేరుగా. ఒరే నాన్నా అనాలని నోటి దాకా వస్తోంది. ఆ రెండు మాటలకీ వాడి ఒంట్లోంచి ఎంత పోతుందో తెలిసి మింగేసింది. వాడు ప్రతిసారీ “ఊ” అంటున్నాడు. ఆ ఊ చిన్నదైపోతోంది.

“దీపాలు,” అన్నాడు చివరికి. “ఓడ అగుపించింది అప్పా. పెద్దదే. ఎంత ఎత్తుందో...”

ముందు గదిలో చారి, “కుడి పక్కకే రావాలి! నిచ్చెన కుడి పక్క వేశారు! ఎడమకెళ్తే గాలి వాళ్ళని ఓడకేసి కొట్టేస్తుంది!”

రత్నం కళ్ళు మూసుకుంది. “ఓడ కుడి పక్కకెల్లండి. ఎడమ వద్దు. కుడి పక్క, ఎల్లాజీ, కుడి...”

కళ్ళు తెరిచేసరికి సూది సున్నా మీద ఉంది.

ఆమె ఇంకా మీట నొక్కే ఉంది. ఇంకా మాట్లాడుతూనే ఉంది. “కుడి పక్క. ఇంటన్నావా? ఎల్లాజీ?” వాల్వు ఉత్త గాజుబుడ్డి. దాని మీది మంచు కరిగి, నీటిచుక్క ఒకటి బల్ల మీద పడింది. వినే మనిషి లేకపోతే అది ఎలా ఉంటుందో రత్నానికి తెలుసు. గోస్తనీ ఒడ్డున చారి నడిచి వెళ్ళిపోయినప్పుడు చూసింది.

“కుడికే వచ్చారట!” చారి గుమ్మంలోకి వచ్చేశాడు, ఫోను తీగ సాగదీసుకుంటూ. “రత్నం! తాడు అందుకున్నారట! ఎక్కుతున్నారు, ఒక్కొక్కళ్ళే ఎక్కుతున్నారట! వాడు చెప్పాడు, వినిపించింది వాడికి!” ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

“ఎల్లాజీ,” అంది రత్నం మైకులోకి.

సూది కదిలింది.

“ఎల్లాజీ? ఒరే, ఇంటన్నావా?” సూది ఇంకాస్త లేచింది. “ఇంటన్నావురా! నాకు తెలుస్తంది, ఇంటన్నావు. ఉండు, పడుకోకు. నాతో మాటాడు, ఒక్క మాటాడు...” సూది లేస్తోంది, మామూలు ఎత్తుకి వచ్చేసింది. రత్నం నవ్వుతూ ఏడుస్తూ చారి చెయ్యి పట్టుకుంది. మీట వదిలి, వాడి గొంతు కోసం చెవి రిక్కించింది.

స్పీకరులోంచి గొంతు వచ్చింది.

“రత్నం గారూ, కాకినాడ. చారి గారి ఫోను ఇప్పుడే కలిసిందమ్మా. ఎందుకో చెప్పలేదు గానీ అందర్నీ లేపేశాను. బాపట్ల ఉంది, కళింగపట్నం ఉంది, ఒంగోలు ఉంది, అందరం వచ్చేశాం. అందరం వింటున్నాం. తమ్ముడెలా ఉన్నాడు? చెప్పండమ్మా.”

రత్నం మీట మీద వేలు పెట్టింది. వాడు లేడని చెప్పాలన్నా వాళ్ళ ఒంట్లోంచే తీసుకోవాలి. వేలు తీసేసి, ముందు యాంప్లిఫయర్ కట్టేసింది. ఆ తర్వాత ఏడ్చింది.